స్క్రైబస్ 1.6, గింప్: తెలుగు కరపత్రాల పనిలో ఎంతవరకు పనికొస్తాయి

డీటీపీ, అంటే కంప్యూటర్‌లో ప్రింటు పేజీలు కూర్చే పని, నేర్చుకోవాలంటే పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, అనూ తెలుగు ఫాంట్లతోనే మొదలుపెట్టమనేవాళ్లు వైజాగ్‌లో ఇప్పటికీ ఉన్నారు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా ఒకే అక్షరంగా కనిపించేలా చేసే యూనికోడ్ దానికి తెలియదు. అందులో కొట్టిన మేటర్‌ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి. షాపువాళ్లకి ఇవాళ కరపత్రానికీ వాట్సాప్ పోస్టుకీ ఒకే మేటర్ కావాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు యూనికోడ్‌తోనే మొదలుపెట్టాలని గట్టిగా చెప్పడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు. 2024 జనవరిలో పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6 వచ్చినప్పటి నుంచి కార్డులు, కరపత్రాలు, మడత బ్రోచర్లు అందులోనే, ఫొటో పని గింప్‌లోనే చేస్తున్నాను. రెండూ ఉచితం.

స్క్రైబస్ పాత 1.4 మాత్రం వద్దు. అందులో ఒత్తులు అక్షరం కింద కూర్చోవు. 1.6లో ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పడతాయి గానీ లైన్ల మధ్య దూరం మనమే పెంచుకోవాలి. ఇంగ్లీషుకి 12 పాయింట్ల అక్షరానికి 14.4 సరిపోతుంది. తెలుగులో అంతే వదిలితే పై లైను ఒత్తు కింది లైను గుడికి తగులుతుంది. 12కి 18 పెట్టండి, ‘స్త్ర్య’ లాంటి జంట ఒత్తులుంటే 19. శీర్షికకి రామభద్ర, మేటర్‌కి మండలి బాగుంటాయి. రామభద్ర బాగా లావు అక్షరం, చిన్న సైజులో లోపలి ఖాళీలు సిరాతో పూడుకుపోతాయి. 16 పాయింట్ల కంటే తగ్గించకండి.

ఎక్కువమంది తప్పు చేసేది ఇంకోచోట. ‘హార్డ్‌వేర్’ అని కొడితే ‘హార్డ్వేర్’ అని పడుతుంది. పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని అక్షరం పెడితేనే విడిపోతుంది. షాపుల పేర్లలో ఇంగ్లీషు మాటలు ఎక్కువ కాబట్టి ప్రతి పనిలోనూ ఇది తగులుతుంది. బోర్డు మీద పేరు ఎలా రాసుకున్నారో చూసి అలాగే కొట్టడం మర్యాద.

రంగులు నేర్చుకోవడానికే అన్నిటికంటే ఎక్కువ రోజులు పడుతుంది. రుషికొండ సముద్రం ఫొటో స్క్రీన్ మీద నీలంగా మెరుస్తుంది, ఆఫ్‌సెట్ ప్రింటులో మాసిపోయినట్టు వస్తుంది. ఆ నీలం ప్రింటుకి వాడే నాలుగు సిరాలతో (సయాన్ అనే లేత నీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, పసుపు, నలుపు) రాదు, ఎంత గింజుకున్నా రాదు. ఈ మాట పని ఇచ్చిన పార్టీకి ముందే చెప్పాలి. మనం వేసే నీలం బ్యాక్‌గ్రౌండ్ మాత్రం మన చేతిలో ఉంది. సయాన్ 100 శాతానికి మెజెంటా కూడా 100 దగ్గరికి వెళితే ఊదా రంగు వస్తుంది. 60 దగ్గర ఆపండి. నల్ల అక్షరాలకి బ్లాక్ 100 ఒక్కటే ఇవ్వాలి, మిగతా మూడూ సున్నా. మన సముద్రపు గాలికి కాగితం తేమ పీల్చుకుని కాస్త సాగుతుంది, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడవు. అప్పుడు నాలుగు రంగుల్లో వేసిన సన్న అక్షరం చుట్టూ రంగుల అంచు కనిపిస్తుంది.

గింప్‌లో ఫొటో సైజు ముందే లెక్క చూసుకోవాలి. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఎ5 కరపత్రం 1748×2480 పిక్సెళ్లు, చుట్టూ కత్తిరింపు కోసం వదిలే 3 మిల్లీమీటర్ల బ్లీడ్ అదనం. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. ట్యూబ్‌లైట్ కింద తీసిన చేపల ఫొటోకి ఆటో వైట్ బ్యాలెన్స్ నొక్కితే నీలం టార్పాలిన్‌ని కూడా లెక్కలోకి తీసుకుని రంగు పాడుచేస్తుంది. లెవెల్స్ అనే డైలాగ్‌లో బూడిద రంగు పికర్‌తో ఫొటోలోని రంగు లేని త్రాసు పళ్లెం మీద నొక్కితే చాలాసార్లు సరైపోతుంది. వస్తువుని బ్యాక్‌గ్రౌండ్ నుంచి విడదీసే కటౌట్‌కి పాత్ టూల్, అంచు కాస్త మెత్తబడేలా ఒక పిక్సెల్ ఫెదర్. షార్పెన్ చేయడం సైజు మార్చాకే. తెలుగు అక్షరాలు గింప్‌లో కొట్టకండి, ప్రింటులో అంచులు మెత్తబడతాయి.

ప్రెస్సుకి ఇచ్చేటప్పుడు స్క్రైబస్ నుంచి పీడీఎఫ్ ఎక్స్-3 తీయండి, అది ప్రింటు కోసం ఉన్న పీడీఎఫ్ రకం. కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేయకపోతే ఆ ఆప్షన్ ఎంచుకోనివ్వదు. ఇన్ఫో స్ట్రింగ్ గడి ఖాళీగా ఉంటే సేవ్ బటన్ పనిచేయదు, ఏదో ఒక పేరు కొట్టాలి. బ్లీడ్ టిక్ కూడా ఆ డైలాగ్‌లోనే ఉంటుంది. ఫాంట్లని ఔట్‌లైన్ చేసి, అంటే అక్షరాలని బొమ్మ గీతలుగా మార్చి ఇస్తే ప్రెస్సులో ఒత్తులు చెదిరే భయం ఉండదు. పీడీఎఫ్ తీసే ముందు తప్పులు వెతికే ప్రీఫ్లైట్ చూడండి. తక్కువ డీపీఐ ఫొటోని, ఫ్రేములో పట్టక దాగిపోయిన మేటర్‌ని పట్టిస్తుంది.

స్క్రైబస్‌లో లోపాలూ ఉన్నాయి. టేబుల్ పని బలహీనం, రేట్ల పట్టికలు ట్యాబ్‌లతో కొట్టుకోవడమే నయం. ఫొటోలు ఫైల్లో ఉండవు, లింకుగానే ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లో ఫైలు ఒక్కటే పట్టుకెళితే ఖాళీ గళ్లు కనిపిస్తాయి. కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్ వాడితే ఫొటోలు, ఫాంట్లు ఒకే ఫోల్డర్లోకి చేరతాయి.

మూడు మడతల ఎ4 బ్రోచర్‌కి మడతలు చూపే గైడ్లు సమానంగా గీయకండి. 100, 100, 97 మిల్లీమీటర్లు. లోపలికి మడిచే పేజీ 97. వెనకవైపు డిజైన్‌లో ఆ 97 రెండో చివరకి వస్తుంది.

ఫ్లెక్స్‌కి 300 డీపీఐ అక్కర్లేదు, 10×4 అడుగులకి 72 చాలు. అదే 8640×3456 పిక్సెళ్లు అవుతుంది. ఫైలు జేపెగ్‌లోనా టిఫ్‌లోనా అన్నది ఫ్లెక్స్ వేసేవాళ్లని ముందే అడగండి.