వాటర్‌కలర్‌కి ఉండవల్లి గుహలా, ప్రకాశం బ్యారేజీనా?
కొత్తగా వాటర్‌కలర్ మొదలెట్టినవాళ్ళకి నేనైతే ఉండవల్లి గుహలే చెప్తా. నాలుగంతస్తులూ కొండని తొలిచి కట్టినవే కాబట్టి గీత కాస్త వంకరపోయినా రాయిలాగే కనిపిస్తుంది, బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమరంగులో అల్ట్రామెరైన్ నీలం కలిపితే స్తంభాల వెనక చీకటి వచ్చేస్తుంది, నల్లరంగు మాత్రం వద్దు, నీడలో జీవం పోతుంది. వెలుగు పడే స్తంభం అంచు దగ్గర పేపర్ తెల్లగా వదిలేయండి, గుహకి లోతొచ్చేది అక్కడే.

1957లో పూర్తయిన బ్యారేజీ అలా కాదు, 70 గేట్లు, పర్‌స్పెక్టివ్ (దూరం పోయేకొద్దీ చిన్నగా కనిపించే లెక్క) తప్పితే వెంటనే దొరికిపోతాం. దగ్గరవి నాలుగు సరిగ్గా వేసి మిగతావి మసగ్గా కలిపేయండి. కానీ సీతానగరం వైపు నుంచి పొద్దున్నే కృష్ణా నీళ్ళు, అవతల ఇంద్రకీలాద్రి, తడి కాగితం మీద తడి రంగు వేసే వెట్ ఆన్ వెట్‌కి అంతకంటే ఏం కావాలి! ఎండెక్కితే వాష్ (నీళ్ళగా పరిచిన రంగు) ఇట్టే ఆరిపోతుంది, మందపాటి 300 జీఎస్ఎం కాటన్ పేపరైతే తడి కాస్త ఆగుతుంది.