ఫ్లాట్ సూపర్, బస్సు మాత్రం అడక్కండి (విశాఖపట్నంలో కొమ్మాది దాటాక ఒక గేటెడ్ కమ్యూనిటీ)

ఐదుకి మూడు స్టార్లు. ఫ్లాట్ వరకు వంక పెట్టడానికి లేదు, గాలి బాగా ఆడుద్ది, నీళ్ల ఇబ్బంది లేదు. గోలంతా గేటు దాటాకే. బ్రోచర్‌లో హైవేకి దగ్గర అని పెద్దక్షరాల్లో వేశారు, దగ్గరే గానీ 222 నంబర్ సిటీ బస్సు ఎక్కాలంటే ఎన్‌హెచ్ 16 దాకా ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడవాలి, చీకటి పడితే కుక్కలు, ఆటోవాడు నోటికొచ్చిన రేటు చెప్తాడు. మా అత్తయ్యగారు మద్దిలపాలెం వెళ్లాలంటే ఎవరో ఒకరు బండి తియ్యాల్సిందే. లోపలికి బస్సు రమ్మన్నా రాలేదులెండి, సిటీ బస్సు దాదాపు 12 మీటర్లుంటది, మా మలుపులో స్కూల్ వ్యానే ముందుకీ వెనక్కీ ఆడి ఆడి తిరుగుతాది. ఎత్తు బిల్డింగ్‌కి ఫైర్ వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) కావాలి, ఎయిర్‌పోర్టు హైట్ క్లియరెన్స్ కావాలి, మరి ఇంతమంది జనం ఊళ్లోకి ఎలా వెళ్తారో ప్లాన్ పాసయ్యే ముందే ఆర్టీసీ వాళ్లని ఒక మాట అడిగితే ఏం పోద్ది? లండన్‌లో పెద్ద ప్రాజెక్టులకి అక్కడి సిటీ రవాణా సంస్థ ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ అభిప్రాయం తీసుకుంటారు, అవసరమైతే బస్సుల ఖర్చులో బిల్డర్ చేత వాటా కూడా పెట్టిస్తారు. మా బిల్డర్ జకూజీ పెట్టాడు, అదీ పనిచెయ్యట్లేదు. కొనేవాళ్లు సాంపిల్ ఫ్లాట్ చూసి మురిసిపోకుండా ఓసారి రాత్రి ఏడింటికి బస్సులో వచ్చి చూడండి. కారున్నోళ్లకైతే ఓకే.