అఫ్గానిస్తాన్ నుంచి రెండు నిష్క్రమణలు: 1989, 2021

సైన్యాన్ని వెనక్కి రప్పించిన తీరులో అమెరికా కంటే సోవియట్లే మెరుగని నా అభిప్రాయం. 1988 ఏప్రిల్ నాటి జెనీవా ఒప్పందాల ప్రకారం వారు దశలవారీగా వైదొలగి, 1989 ఫిబ్రవరి 15న వారి సేనాధిపతి జనరల్ బోరిస్ గ్రోమోవ్ సరిహద్దు నది అమూ దర్యాపై ఉన్న వంతెన దాటడంతో నిష్క్రమణను ముగించారు. అమెరికా 2020లో దోహాలో తాలిబన్లతో చేసుకున్న ఒప్పందంలో కాబూల్ ప్రభుత్వానికి చోటే లేదు. అసలు లోపం అక్కడే మొదలైంది. పైగా కాబూల్ సమీపంలోని తన బగ్రామ్ వైమానిక స్థావరాన్ని ముందే ఖాళీ చేయడంతో, 2021 ఆగస్టు 15న కాబూల్ పతనమయ్యాక తరలింపు భారమంతా నగరంలోని విమానాశ్రయంపైనే పడింది. లక్ష మందికి పైగా ప్రజలను తరలించడం చిన్న విషయం కాదు, కానీ ఆగస్టు 26 నాటి ఆత్మాహుతి దాడిలో 13 మంది అమెరికా సైనికులతోపాటు ఎందరో అఫ్గాన్ పౌరులు మరణించారు. అదే సోవియట్లు వెళ్లిపోయాక అఫ్గాన్ అధ్యక్షుడు నజీబుల్లా ప్రభుత్వం వారి ఆయుధ, ధన సహాయంతో 1992 ఏప్రిల్ వరకు నిలిచింది. అయితే దాని పతనానంతరం అంతర్యుద్ధంలో కాబూల్ ప్రజలు అనుభవించిన నరకాన్ని ఆ క్రమబద్ధమైన నిష్క్రమణ ఆపలేకపోయింది.