పాత టేలర్ హాబ్సన్ పాంటోగ్రాఫ్ ఎన్‌గ్రేవర్, ఇంట్లో పెట్టుకున్నాక

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉన్న లెన్సుల కంపెనీ, తన లెన్సుల రింగుల మీద అక్షరాలు చెక్కుకోడానికి మొదలుపెట్టిన మిషన్ ఇది, కంప్యూటరూ గింప్యూటరూ ఏమీ ఉండదు, ఇత్తడి అక్షరం గాడిలో పుల్లలాంటి స్టైలస్ పెట్టి తిప్పితే అవతల కట్టర్ అదే అక్షరాన్ని చిన్నగా చెక్కుతుంది. రేషియో 2:1లో పెడితే (అంటే అక్షరం సగం సైజులో పడుద్ది) మన చెయ్యి వణుకు కూడా సగమైపోద్ది, అదీ దీని అందం.

బరువు మాత్రం మామూలుగా లేదు, నలుగురం పట్టుకుని షెడ్‌లోకి దింపేసరికి నడుములు పోయాయి. త్రీ ఫేజ్ మోటర్, మన ఇంట్లోనేమో సింగిల్ ఫేజ్, సింగిల్ ఫేజ్‌ని త్రీ ఫేజ్‌గా మార్చే వీఎఫ్‌డీ అనే డబ్బా కొన్నా, కానీ అది ఇచ్చేది 230 వోల్టులే కాబట్టి మోటర్ వైర్లు కలిపే పద్ధతిని స్టార్ నుంచి డెల్టాకి (తక్కువ వోల్టుల కనెక్షన్‌కి) మార్పించాల్సొచ్చింది, మీరు ముందే మోటర్ మీద నేమ్‌ప్లేట్ చూస్కోండి. అమ్మినాయన "అన్నీ ఉన్నాయి సార్" అన్నాడు, తీరా చూస్తే కట్టర్‌ని బిగించి పట్టుకునే కాలెట్ ఒక్కటే!

మిషన్‌కున్న రెండు ఆర్మ్‌ల మీద రేషియో ఒకేలా పెట్టకపోతే అక్షరాలు వంకర పోతాయి, నాకు మొదటి ఆదివారమంతా అక్కడే పోయింది. ఇత్తడి, అల్యూమినియం మీద సన్నగా మిల్లింగ్ చేస్తుంది, స్టీల్‌లో లోతుగా దించాలని చూస్తే కట్టర్ మొన టక్కున విరుగుద్ది. కట్టర్ పదును పెట్టడం రాకపోతే కొనొద్దు.

నావైపు నుంచి 4/5.