మానసిక ఆఘాతం గురించి చదవాలంటే ఏది మేలు: సైకాలజీ పీజీయా, సోషల్ వర్కా?

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో అనంతపురంలో నా దగ్గరికి వచ్చే విద్యార్థులు ఈ మధ్య ఒకే ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. ప్రమాదం, వరద, హింస, అత్యాచారం, ఇంటి పెద్ద ఆత్మహత్య వంటివాటితో మనసు చెదిరినవారికి తోడుగా పని చేయాలని ఉంది, దానికి విశ్వవిద్యాలయంలో ఏం చదవాలి అన్నది ఆ ప్రశ్న. వారి ముందున్న దారులు ముఖ్యంగా రెండు. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో సైకాలజీ పీజీ చేయడం ఒకటి, అనంతపురంలోనే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్.డబ్ల్యు., అంటే సోషల్ వర్క్ పీజీ, చేయడం మరొకటి. రెండూ రెండేళ్ల చదువులే. ఇంట్లో కూర్చుని దూరవిద్యలో సైకాలజీ చదువుదామనుకునేవారికి మాత్రం ఆ వీలు లేకుండా పోయింది. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ బోధించరాదని యూజీసీ నిలిపివేసింది.

మానసిక ఆఘాతానికి వాడే ట్రామా అన్న మాట మనకు కొత్తదే గానీ ఆ బాధ కొత్తది కాదు. పిల్లవాడు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తూ, అన్నం సయించక నీరసపడితే ‘జడుసుకున్నాడు’ అంటాము. తాయెత్తు కట్టిస్తాము, కడప పెద్ద దర్గాకో ఊళ్లోని మసీదుకో తీసుకుపోతాము. ఇటువంటి బాధకు పి.టి.ఎస్.డి. (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, ఆఘాతం తరువాత మిగిలే మానసిక రుగ్మత) అనే పేరు పెట్టి, అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథంలో చోటిచ్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల అవస్థ అందుకు ఒక పెద్ద కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి రోగాల వర్గీకరణ ఐసీడీ-11 2022లో అమల్లోకి వచ్చినప్పుడు, తప్పించుకోలేని హింసలో ఏళ్ల తరబడి బతికినవారి స్థితిని ‘కాంప్లెక్స్ పి.టి.ఎస్.డి.’ అని వేరుగా గుర్తించింది. పదేళ్లు భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆడమనిషి, ఏ రాత్రి ఎవరు తలుపు పగలగొడతారో అన్న భయంతో ఫ్యాక్షన్ పల్లెలో పెరిగిన పిల్లవాడు ఈ రెండో స్థితికి దగ్గరగా ఉంటారు. ఒక్క పూట ప్రమాదానికీ పదేళ్ల భయానికీ చికిత్స ఒకటే కాదని తెలుసుకునే చదువు సైకాలజీలోనే లోతుగా దొరుకుతుంది. భయం మనిషిలో ఎలా పాతుకుంటుందో, దాన్నుంచి తప్పించుకు తిరిగే కొద్దీ అది ఎందుకు ముదురుతుందో ఆ శాస్త్రం వివరంగా చెబుతుంది.

ఆ వివరం ఎంత పనికి వస్తుందో ఒక లారీ డ్రైవరు విషయంలో నేను కళ్లారా చూశాను. 44వ నంబరు జాతీయ రహదారి మీద గుత్తి దాటిన తరువాత జరిగిన ప్రమాదంలో, పక్కనే కూర్చున్న క్లీనరు అతని కళ్ల ముందే చనిపోయాడు. ఆ తరువాత ఏడాది పాటు అతడు స్టీరింగు పట్టలేదు. డీజిలు వాసన తగిలితే చేతులు వణికేవి. ‘ఇంక ఆ రోడ్డు మొగమే చూడొద్దు’ అని ఇంట్లోవాళ్లు ప్రేమతో చెప్పిన మాటే అతని భయానికి అండ అయింది. శిక్షణ పొందిన ఒక క్లినికల్ సైకాలజిస్టు అతణ్ని మొదట ఆగి ఉన్న లారీలో కూర్చోబెట్టారు. కొన్నాళ్లకు ఇంజను వేయించారు. ఆ తరువాత షెడ్డు ఆవరణలోనే నడిపించి, చివరకు గుత్తి రోడ్డు దాకా తీసుకువెళ్లారు. మనస్తత్వవేత్త ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (భయపెట్టేదాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కొనేలా చేయడం) అనే చికిత్సా పద్ధతిలో ఇటువంటి అభ్యాసం ఒక భాగం. గంటన్నర చొప్పున సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు పడుతుంది. మనిషిని ఏ మెట్టు మీద ఎంతసేపు నిలపాలో, ఎప్పుడు ముందుకు నడపాలో తెలియాలంటే మంచి మనసు ఒక్కటే చాలదు.

అయితే రెండేళ్ల పీజీతోనే ఈ విద్య చేతికి వస్తుందని ఎవరైనా అనుకుంటే, ఆ పొరపాటును ఫారం నింపక ముందే సరిదిద్దుకోవాలి. చాలా సిలబస్‌లలో ట్రామా అనేది మానసిక రుగ్మతల గురించి చెప్పే అబ్నార్మల్ సైకాలజీ పేపరులో ఒక భాగం మాత్రమే. మిగిలిన కాలం పరిశోధనా పద్ధతులు, గణాంకాలు, మానసిక పరీక్షలు, కౌన్సెలింగ్ సిద్ధాంతాలతో గడుస్తుంది. అవన్నీ అవసరమే, కాదనను. కానీ ఎదుటి మనిషి పక్కన కూర్చోవడం వాటివల్ల అలవడదు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు మునిగిన తరువాత, నెలన్నరకు నేను ఒక బృందంతో పాతబస్తీలో ఇల్లిల్లూ తిరిగాను. నా చేతిలో ఇంగ్లీషు నుంచి అనువదించిన ప్రశ్నావళి ఉంది. ‘గత నెల రోజుల్లో ఆ సంఘటన జ్ఞాపకాలు మిమ్మల్ని ఎంతగా బాధించాయి?’ అన్న ప్రశ్నకు ‘అసలు లేదు’ మొదలుకొని ‘చాలా ఎక్కువ’ దాకా ఐదు గడులు. గోడ మీద నీళ్ల చార ఇంకా ఆరని గదిలో కూర్చున్న ఒకామె ప్రశ్న అంతా విని, “గుర్తుకు రావల్లంటే ముందు మర్సిపోవల్ల గదా నాయనా, నీళ్లు యాడికి పోయినాయి?” అన్నది. ఆ జవాబు రాసుకోవడానికి నా కాగితంలో గడి లేదు. ఆమె కొంగు చివర ఒక ప్లాస్టిక్ కవరు ముడివేసి ఉంది. ఆకాశం మబ్బు పట్టినప్పుడల్లా దాన్ని తడిమి చూసుకుంటున్నది. నేను దాన్ని చూసి కూడా అడగలేదు. నాతో వచ్చిన సోషల్ వర్క్ విద్యార్థిని మాత్రం అడిగింది. అందులో రేషన్ కార్డు ఉందనీ, ఇంటి పట్టా వరదలో కొట్టుకుపోయిందనీ, కొడుకులు ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని ఆమెకు నిద్ర పట్టడం లేదనీ అప్పుడు తెలిసింది. ఆ అమ్మాయి ఆమెను మూడుసార్లు తహసీల్దారు కార్యాలయానికి తీసుకువెళ్లింది.

సోషల్ వర్క్ చదువులోని బలం ఇదే. తరగతి పాఠంతో పాటు వారంలో సాధారణంగా రెండు రోజులు క్షేత్రపని ఉంటుంది. ఆసుపత్రి, బాలల సంరక్షణ కేంద్రం, పల్లె, ఎక్కడికి పంపినా మనిషిని ఇంటితో, అప్పుతో, కులంతో, కాగితాలతో సహా చూడడం అలవాటవుతుంది. కరువు జిల్లాలో ఆత్మహత్య చేసుకున్న రైతు భార్యకు పీడకలలూ ఉంటాయి, వాకిట్లో అప్పులవాళ్లూ ఉంటారు. ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని నయం చేయలేము.

కానీ ఇక్కడా ఒక ప్రమాదం ఉంది, అది చిన్నది కాదు. అదే బృందంలో కొందరు మంచి ఉద్దేశంతోనే ఆడవాళ్లందరినీ ఒకచోట చేర్చి, ఆ రాత్రి ఏం జరిగిందో ఒక్కొక్కరి చేత చెప్పించారు. ఒక చిన్న వయసు తల్లి మధ్యలోనే మాట పడిపోయి, ఆ తరువాత రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఘటన జరిగిన కొత్తలో ఇలా అందరి చేతా చెప్పించడం వల్ల పి.టి.ఎస్.డి. ఆగదని, కొందరికి కీడు కూడా జరగవచ్చని పరిశోధనలు చూపాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంటుంది. చెప్పమని ఒత్తిడి చేయకుండా, చూడడం, వినడం, అవసరమైన సాయంతో కలపడం అనే ప్రథమ చికిత్సను 2011లో వెలువడిన మార్గదర్శిలో సూచించింది. ఈ సంగతి ఆ రోజు మాలో ఎవరికీ తెలియదు. సోషల్ వర్క్ చదివేవారు ట్రామా శాస్త్రాన్ని పట్టుబట్టి నేర్చుకోవాలని నేను అనడం అందుకే.

చట్టం దృష్టిలో మాత్రం రెండు దారులకూ గడప ఒకటే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టునూ, సైకియాట్రిక్ సోషల్ వర్కరునూ నిర్వచించిన చోట, పీజీ మీద మరో రెండేళ్లు పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణతో కూడిన ఎం.ఫిల్.ను పేర్కొన్నది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రెండు శాఖల్లోనూ ఇటువంటి శిక్షణకు పేరుపడ్డ సంస్థ. నూతన విద్యా విధానం ఎం.ఫిల్.ను తీసివేయాలన్నది కాబట్టి, క్లినికల్ సైకాలజీలో చేరేవారు, చేరే ఏడాదికి ఏ కోర్సుకు గుర్తింపు ఉందో, ఆ కోర్సులకు గుర్తింపునిచ్చే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ప్రకటన చూసుకోవడం తప్పనిసరి.

కనుక నా తీర్పు ఇది. నాలుగేళ్లు చదవగల స్తోమత, బెంగళూరు దాకా వెళ్లి పోటీ పడే ఓపిక ఉండి, చికిత్స చేయడమే ధ్యేయమైతే సైకాలజీయే మేలు. రెండేళ్లకే ఇల్లు గడవాల్సిన అవసరం ఉండి, మన జిల్లాలోనే పని చేయదలచినవారికి సోషల్ వర్క్ మేలు. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది ఈ రెండో స్థితిలోనే ఉంటారు. దీన్ని రాజీగా చూడనక్కరలేదు, పల్లెకు దగ్గరగా ఉండి పని చేసేవారి చేతనే చాలా జరుగుతుంది. పక్కనే ఉన్న బళ్లారి జిల్లాలో 1985లో నిమ్హాన్స్ మొదలుపెట్టిన ప్రయత్నం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకూ సిబ్బందికీ శిక్షణ ఇచ్చి మానసిక చికిత్సను పల్లెలకు చేర్చింది. 1996లో వచ్చిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా.

ఏ దారి ఎంచుకున్నా, ఫీజు కట్టే ముందు ఆ శాఖకు వెళ్లి రెండు విషయాలు అడగండి. రెండో ఏడాదిలో ఆసుపత్రిలో గానీ క్షేత్రంలో గానీ ఎన్ని రోజులు ఉంటాము? మేము రాసిన కేసు వివరాలను వారం వారం పక్కన కూర్చుని చదివి దిద్దేది ఎవరు? రెండో ప్రశ్నకు ఒక మనిషి పేరు చెప్పగలిగిన శాఖలో చేరండి.