నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్: ఫారం సులువే, చిక్కంతా దాని చుట్టూ

ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకుని ఉస్మానియా, ఆంధ్రా, జేఎన్‌టీయూ లాంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పరిధిలో చేరినవాళ్ళకి కేంద్రం ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ ఒకటుంది. కాగితాల మీద పేరు పీఎం-యూఎస్‌పీ (ప్రధానమంత్రి ఉచ్చతర్ శిక్షా ప్రోత్సాహన్) అని మారినా కాలేజీ ఆఫీసుల్లో ఇప్పటికీ 'సెంట్రల్ సెక్టార్' అనే అంటారు. దానికి దరఖాస్తు చేసేది నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ (ఎన్ఎస్పీ)లోనే. వెబ్‌సైట్ వరకే చూస్తే ఐదుకి మూడున్నర ఇవ్వొచ్చు. డబ్బు ఖాతాలో పడేదాకా చూస్తే రెండు దాటదు, అయితే ఆ తగ్గిన మార్కులన్నీ పోర్టల్ తప్పులే అనలేం.

ముందు లెక్క. డిగ్రీలో ఏడాదికి 12,000, పీజీలో 20,000. బీటెక్‌కి మొదటి మూడేళ్ళు 12,000 చొప్పున, నాలుగో ఏడు 20,000, వెరసి 56,000. దేశం మొత్తానికి ఏటా కొత్తగా ఇచ్చేవి 82,000. వాటిలో సగం అమ్మాయిలకి. రాష్ట్రాల వాటా బోర్డులకి పంచాక సైన్స్, కామర్స్, ఆర్ట్స్ మధ్య 3:2:1గా విడదీస్తారు. అంటే హెచ్ఈసీ చదివినవాళ్ళు ఎంపీసీ వాళ్ళ 980లతో పోటీ పడక్కర్లేదు. ఈ సంగతి తెలియక 'మా మార్కులకేం వస్తుందిలే' అని ఊరుకునేవాళ్ళే ఎక్కువ.

అర్హత 80 శాతం మార్కులు కాదు, 80వ పర్సంటైల్ పైన ఉండటం. మీ బోర్డులో, మీ గ్రూపు విభాగంలో పైనున్న ఇరవై శాతంలో మీ పేరుండాలి. అర్హుల జాబితాని ఇంటర్ బోర్డు వెబ్‌సైట్‌లో పెడుతుంది, హాల్‌టికెట్ నంబరుతో వెతుక్కోండి. కుటుంబ ఆదాయం 4.5 లక్షలు దాటకూడదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కని ఏడాది ఆగినవాళ్ళకి ఈ దారి మూసుకుపోయినట్టే, ఆ ఏడు పాసైనవాళ్ళనే కొత్తగా తీసుకుంటారు. దూరవిద్య, డిప్లొమా చెల్లవు.

మన రాష్ట్రాల్లో అసలు మెలిక ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇది తీసుకుంటూ అది తీసుకోకూడదు. బీటెక్‌లో రీయింబర్స్‌మెంట్ వస్తుంటే 12,000 కోసం దాన్ని వదులుకోవడం శుద్ధ దండగ. రాష్ట్ర పథకాల ఆదాయ పరిమితి దాటి, 4.5 లక్షల లోపున్న ఇళ్ళకి మాత్రం ఇది బంగారం లాంటిది. రెండింటికీ పెట్టి, ఏది ముందొస్తే అది తీసుకుందాం అనుకోకండి. తర్వాత బయటపడితే తీసుకున్నది తిరిగి కట్టమంటారు.

ఫారం దగ్గరికొస్తే, మొదట ఓటీఆర్, అంటే వన్ టైమ్ రిజిస్ట్రేషన్. ఫోన్లో ఎన్ఎస్పీ ఓటీఆర్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్డీ యాప్ రెండూ వేసుకుని ముఖం చూపించాలి. వెలుతురు ముఖం మీద పడాలి, వెనక నుంచి పడితే పదిసార్లు తిప్పికొడుతుంది. చివరికి 14 అంకెల నంబరు వస్తుంది, చదువు పూర్తయ్యేదాకా అదే.

పేరు దగ్గర జాగ్రత్త. ఆధార్‌లో 'కొండా లక్ష్మి', పదో తరగతి మెమోలో 'కె. లక్ష్మి' అని ఉంటుంది. ఇంటిపేరు పొడి అక్షరంగా రాసే మన అలవాటు కంప్యూటర్‌కి అర్థం కాదు, అది ఇద్దరు మనుషులనుకుంటుంది. దరఖాస్తులు తెరవకముందే, మెమోలో ఉన్నట్టు ఆధార్ మార్పించుకోవడం మేలు.

తర్వాత కాలేజీ ఎంపిక. పెద్ద విశ్వవిద్యాలయం కింద ఒకే పోలిక పేర్లతో కాలేజీలు బోలెడు. పేరు చూసి నొక్కేయకుండా ఆఫీసులో స్కాలర్‌షిప్ సెక్షన్‌ని ఏఐఎస్‌హెచ్ఈ కోడ్, అంటే ఒక్కో విద్యాసంస్థకి ఉండే గుర్తింపు నంబరు, అడిగి తీసుకోండి. యూనివర్సిటీలకి 'యూ', కాలేజీలకి 'సీ'తో మొదలవుతుంది. తప్పు కాలేజీకి పోయిన దరఖాస్తును అక్కడ ఎవరూ పట్టించుకోరు. ఫైనల్ సబ్మిట్ నొక్కాక ప్రింటు, ఆదాయ ధ్రువపత్రం, మెమో, ఫీజు రసీదు, బోనఫైడ్ పట్టుకుని మళ్ళీ ఆఫీసుకే వెళ్ళాలి. కాలేజీలో ఈ దరఖాస్తులు చూసే నోడల్ ఆఫీసరు వెరిఫై చేస్తేనే పైకి కదులుతుంది. స్టేటస్‌లో 'డిఫెక్టివ్' అని వస్తే కంగారొద్దు, దిద్ది మళ్ళీ పంపొచ్చు. 'రిజెక్టెడ్' అంటే ఆ ఏటికి అంతే. గడువు సాధారణంగా అక్టోబరు చివర, కానీ ఆఖరి వారంలో సైటూ నత్తనడకే, సెక్షన్ క్లర్కూ దొరకడు.

అన్నీ దాటాక డబ్బు ఆగిపోయేది బ్యాంకు దగ్గర. 'ఆధార్ లింక్ అయ్యింది' అని బ్యాంకులో చెప్పే మాట సరిపోదు. ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో, అంటే ఏ ఆధార్‌కి వచ్చే ప్రభుత్వ డబ్బు ఏ బ్యాంకుకి పోవాలో చెప్పే జాబితాలో, మీ ఖాతా నమోదై (సీడింగ్) ఉండాలి, అది వేరే పని, దానికి వేరే ఫారం. మైఆధార్ సైట్లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే ఏ బ్యాంకో, యాక్టివో కాదో తెలిసిపోతుంది. సీడింగ్ ఎప్పుడూ ఒక్క బ్యాంకుకే ఉంటుంది, చివర చేసిందే నిలుస్తుంది. ఏదో యాప్‌లో కొత్త ఖాతా తెరుస్తూ ఒక టిక్ పెట్టేస్తే డబ్బు అటు పోతుంది, మీరేమో పాత పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకుంటూ కూర్చుంటారు. పడిందో లేదో కేంద్రం చెల్లింపులు చూపించే పీఎఫ్ఎంఎస్ సైట్లో చూసుకోవచ్చు.

రెన్యూవల్ దానంతటది జరగదు. ప్రతి ఏడూ 50 శాతం మార్కులు, 75 శాతం హాజరుతో మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. సెమిస్టర్ ఫలితాలు ఆలస్యమయ్యే యూనివర్సిటీల్లో ఇక్కడే చిక్కొస్తుంది, మార్కుల మెమో రాకముందే గడువు దగ్గరపడుతుంది. నెట్‌లో ఫలితం వచ్చిన రోజే కాపీ తీసి, ప్రిన్సిపాల్ సంతకంతో దగ్గర పెట్టుకోండి.