ముందు కర్త మీద వేలు పెట్టించే గ్రామర్ యాప్: చాలాకాలం వాడాక నా మాట

సబ్జెక్ట్-వెర్బ్ అగ్రిమెంట్ (ఇంగ్లిష్‌లో కర్త వచనానికి తగ్గ క్రియ పెట్టడం) కోసం ఏ యాప్ తెరిచినా రూల్స్ అవే, ప్రశ్నలు దాదాపు అవే. ఇందులో ప్రశ్నలెన్ని, వీడియోలెన్ని, మాక్ టెస్టులెన్ని అన్నది ప్రకటనలోనే ఉంటుంది కాబట్టి ఆ లెక్కల జోలికి పోను. ఎస్సెస్సీ (పదో తరగతి కాదు, కేంద్ర ఉద్యోగాల స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలు) కోసం నేను వాడుతున్న ఈ యాప్‌లో ఒకే ఒక్క సదుపాయం గురించి గట్టిగా చెప్పాలని ఉంది. వాక్యం తెర మీదికి రాగానే ఆప్షన్లు కనపడవు. ముందు ఆ వాక్యంలో కర్త ఏదో వేలితో నొక్కాలి. నొక్కాకే ఈజ్, ఆర్, హాజ్, హావ్ తెరుచుకుంటాయి. క్రియ సరిగ్గా పెట్టినా కర్త తప్పు నొక్కితే మార్కు రాదు. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి ఇంతకంటే పనికొచ్చే సాధన నాకింకా కనపడలేదు.

ఎందుకో చెప్తాను. "ద ప్రైస్ ఆఫ్ ద క్యాషూస్ సోల్డ్ ఇన్ పలాస షాప్స్ ... గాన్ అప్" అన్న వాక్యం చూడండి. కర్త ప్రైస్, కాబట్టి హాజ్ రావాలి. మనలో చాలామంది హావ్ పెట్టేస్తారు. రూల్ అందరికీ కంఠతా వచ్చు, కానీ ఖాళీ పక్కనే షాప్స్ అనే బహువచనం కనపడుతోంది. ఇదే సంగతి తెలుగులో చెప్తే "పలాస షాపుల్లో అమ్మే జీడిపప్పు ధర పెరిగింది" అంటాం. ధర, పెరిగింది పక్కపక్కనే ఉన్నాయి. మన భాషలో వర్ణనంతా ముందు వచ్చేసి, అసలు నామం చివర్లో క్రియని ఆనుకుని నిలబడుతుంది. చిన్నప్పటి నుంచి ఆ వరసకి అలవాటు పడ్డ చెవి ఇంగ్లిష్‌లోనూ క్రియ పక్కనున్న నామాన్నే కర్త అనుకుంటుంది. ఇంగ్లిష్ వరస దీనికి తిరగేసి ఉంటుంది. అసలు నామం ముందొస్తుంది, దాని వెనక ఆఫ్, ఇన్, సోల్డ్, విచ్ లాంటివన్నీ తోకలా వస్తాయి, క్రియ ఆ తర్వాతెప్పుడో వస్తుంది. పేపరు తయారుచేసేవాళ్ళు సరిగ్గా ఆ తోక చివరే ఒక బహువచనం తెచ్చి పెడతారు.

"తో పాటు" దగ్గర కూడా ఇదే చిక్కు. "ప్రయాణికులతో పాటు కండక్టరు కూడా టెక్కలిలో ఎదురుచూస్తున్నాడు" అంటాం. కండక్టరు క్రియ వైపే ఉన్నాడు, గొడవ లేదు. ఇంగ్లిష్‌లో "ద కండక్టర్, అలాంగ్ విత్ ద ప్యాసింజర్స్, ఈజ్ వెయిటింగ్ ఎట్ టెక్కలి" అయ్యేసరికి ప్యాసింజర్స్ వచ్చి ఈజ్ పక్కన చేరారు. యాజ్ వెల్ యాజ్, టుగెదర్ విత్, ఇన్ అడిషన్ టు, బిసైడ్స్ అన్నిటికీ ఇంతే, మొదటి నామాన్నే పట్టుకోవాలి. ఐదర్-ఆర్, నైదర్-నార్, నాట్ ఓన్లీ-బట్ ఆల్సో వస్తే మాత్రం క్రియకు దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకోవాలి. "నైదర్ ద క్లర్క్ నార్ ద ఆఫీసర్స్ వర్ ప్రెజెంట్." ఈ రెండు గుంపులూ కలగాపులగం అయిపోవడం వల్లే ఎక్కువ మార్కులు పోతాయి. వేలితో కర్తని నొక్కాల్సి వచ్చినప్పుడు ఈ తేడా రూలుగా కాకుండా చేతికే అలవాటవుతుంది. "ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" వస్తే స్టూడెంట్స్ నొక్కాలి, "ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" వస్తే నంబర్ నొక్కాలి. యాప్ ఇక్కడ ఎప్పుడూ తడబడలేదు. "అమాంగ్ ద పేపర్స్ వాజ్ ఎ లెటర్" లాంటి తిరగేసిన వాక్యాల్లోనూ లెటర్ నొక్కితేనే ఒప్పుకుంటుంది.

సెట్ అయ్యాక వచ్చే రిపోర్టు గురించి కూడా చెప్పాలి. కర్త తప్పులు వేరుగా, క్రియ తప్పులు వేరుగా చూపిస్తుంది. మొదట్లో నేను దాన్ని పట్టించుకోలేదు గానీ, మందు దొరికేది అక్కడే. కర్త తప్పులు ఎక్కువైతే వాక్యం విప్పడం రాలేదని అర్థం. కర్త సరిగ్గానే నొక్కి క్రియ తప్పితే, ఆ నామం ఏకవచనమో బహువచనమో తెలియలేదని అర్థం. ఈ రెండో రకంలో మన భాష నేరుగా తప్పుదారి పట్టిస్తుంది. మనకి నీళ్ళు వచ్చాయి, పాలు విరిగాయి, డబ్బులు అయిపోయాయి. ఇంగ్లిష్‌లో వాటర్, మిల్క్, మనీ మూడూ ఏకవచనమే. మనకి కత్తెర పోయింది, ప్యాంటు చిరిగింది, కళ్ళజోడు పగిలింది. అక్కడ సిజర్స్, ట్రౌజర్స్, స్పెక్టకుల్స్ మూడూ బహువచనం. "ఎ పెయిర్ ఆఫ్" ముందు చేరితే మళ్ళీ ఏకవచనం అయిపోతాయి, ఎందుకంటే అప్పుడు కర్త పెయిర్. వార్తలు అనే అలవాటుతో న్యూస్‌కి ఆర్ పెట్టేవాళ్ళు కోకొల్లలు. "ప్రతి ఒక్కరూ వచ్చారు" అనే నోటితో ఎవ్రీవన్‌కి హావ్ పెట్టేవాళ్ళూ అంతే. ఇలాంటివి విడిగా ఒక కాగితం మీద రాసుకుని, తెలుగులో ఏ వచనమో పక్కనే వేసుకుంటే తొందరగా వదులుతాయి.

ఇప్పుడు అసలు గొడవ. ఇంత మంచి సదుపాయం ఒక రకం వాక్యం దగ్గర పూర్తిగా బోల్తా పడుతుంది, పైగా తప్పుని నేర్పిస్తుంది. "షి ఈజ్ వన్ ఆఫ్ ద గర్ల్స్ హూ ... క్లియర్డ్ ద ఎగ్జామ్." ఇక్కడ హావ్ రావాలి. హూ అనేది గర్ల్స్‌ని సూచిస్తుంది, పరీక్ష గట్టెక్కినవాళ్ళు చాలామంది, వాళ్ళలో ఈమె ఒకరు. మాటల్లో హాజ్ వినపడుతూనే ఉంటుంది గానీ పోటీ పరీక్షలకు చదివే గ్రామర్ రూల్ ప్రకారం బహువచనమే. యాప్‌లో గర్ల్స్ నొక్కితే ఎర్రగా అయిపోయింది. వన్ నొక్కితేనే పచ్చరంగు వచ్చి ఆప్షన్లు తెరుచుకున్నాయి, హాజ్ సరైన జవాబన్నారు. కింద వివరణలో "వన్ ఆఫ్ తర్వాత ఏకవచన క్రియ" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ ముక్క నిజమే, కానీ ఈ వాక్యానికి కాదు. ఇక్కడ వన్‌కి పట్టే క్రియ ఏదీ లేదు, ఈజ్‌కి కర్త షి.

యాప్ కట్టిన తీరు చూస్తే కారణం తెలిసిపోతుంది. ప్రతి వాక్యానికీ కర్తగా ఒకే మాటని గుర్తుపెట్టినట్టున్నారు. వాక్యంలో రెండు క్రియలుండి, రెంటికీ వేర్వేరు కర్తలుంటే దానికి చోటే లేదు. రిపోర్ట్ బటన్ నొక్కి రూల్‌తో సహా రాసి పంపాను. మీ సూచనకు ధన్యవాదాలు అని వచ్చింది. చాలా రోజులకి ఆ ఒక్క ప్రశ్నలో కీ, అంటే సరైనదని చూపించే జవాబు, మారింది. అదే రకం ప్రశ్నలు ఇంకా కొన్ని పాత కీతోనే ఉన్నాయి. వేరే యాప్‌లో అయితే తప్పు కీ చదివి ఊరుకుంటాం. ఇక్కడ వేలితో నొక్కి మరీ నేర్చుకుంటాం కాబట్టి తప్పు కూడా అంత గట్టిగానే ఒంటబడుతుంది. నాకు కోపం వచ్చింది అందుకే.

ఈ రకం వాక్యాలకి నేనిప్పుడు యాప్‌ని నమ్మను, తెలుగుని నమ్ముతాను. వాక్యాన్ని తెలుగులో చెప్పుకుని, పాసైన, వచ్చిన, ఉన్న లాంటి మాట దేనికి అతుక్కుందో చూస్తే చాలు. "పరీక్ష పాసైన అమ్మాయిల్లో ఆమె ఒకరు" అంటే పాసైన వెళ్ళి అమ్మాయిలకి అతుక్కుంది, హావ్. "ఆ అమ్మాయిల్లో పరీక్ష పాసైంది ఆమె ఒక్కతే" అంటే పాసైంది ఆమెకే చెందింది. అది "ద ఓన్లీ వన్ ఆఫ్ ద గర్ల్స్ హూ హాజ్" అవుతుంది. ఓన్లీ అనే మాట చేరగానే హావ్ కాస్తా హాజ్ అవడం ఎందుకో రూల్ బట్టీ పట్టినవాళ్ళకి అంతుపట్టదు, తెలుగులో మాత్రం కళ్ళకి కట్టినట్టు కనపడుతుంది.

రెండూ ఒకే వాక్యంలో ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది. "వన్ ఆఫ్ ద బోట్స్ దట్ వర్ యాంకర్డ్ ఎట్ భావనపాడు హాజ్ బీన్ డ్యామేజ్డ్." తెలుగులో "భావనపాడులో లంగరు వేసిన పడవల్లో ఒకటి దెబ్బతింది". లంగరు వేసిన అన్నది పడవలకి, అందుకే వర్. దెబ్బతింది అన్నది ఒకటికి, అందుకే హాజ్. ఇలాంటి వాక్యం ఒకటి బాగా పట్టుకుంటే వన్ ఆఫ్ మీద వచ్చే ప్రశ్నలన్నీ దారికొస్తాయి.

ఇంకో చిన్న లోపం ఉంది. "ద పోయెట్ అండ్ నావలిస్ట్ ఈజ్", "ద పోయెట్ అండ్ ద నావలిస్ట్ ఆర్" మధ్య తేడా అంతా రెండో ద లోనే ఉంది. ఒకే ద ఉంటే ఒకే మనిషి, రెండుంటే ఇద్దరు. యాప్ ఆర్టికల్‌ని నొక్కనివ్వదు, నామాలే నొక్కాలి. దాంతో కన్ను పడాల్సిన చోట వేలు పడదు. ఈ టాపిక్ వరకూ యాప్ పక్కన పెట్టి కాగితం మీద ద కింద గీత గీసుకుంటూ చేయడం మేలు. అన్నట్టు, చిన్న తెర ఫోన్‌లో పొడుగు వాక్యాలు వస్తే పక్క మాట నొక్కుకుపోయి ఊరికే తప్పు పడుతుంది. అడ్డంగా తిప్పి వాడాలి.

పైన అంత పొగిడాను గానీ, దానికి ఒక హద్దు ఉంది. టాపిక్ పేరు పెట్టి సాధన చేసినంతసేపూ తప్పు క్రియలోనే ఉంటుందని ముందే తెలుసు. అసలు పేపర్లో ఆ కబురు చెప్పేవాళ్ళు లేరు. స్పాట్ ద ఎర్రర్‌లో (వాక్యంలో తప్పున్న భాగం పట్టుకునే ప్రశ్నలో) తప్పు ప్రిపోజిషన్‌లో ఉండొచ్చు, ఆర్టికల్‌లో ఉండొచ్చు, నో ఎర్రరే జవాబు కావచ్చు. అగ్రిమెంట్ సెట్లు ఎక్కువ చేసి నేరుగా మిశ్రమ టెస్టుకి వెళ్తే, సరిగ్గా ఉన్న క్రియలో కూడా తప్పు కనపడటం మొదలవుతుంది. "ద డాక్టర్ సజెస్టెడ్ దట్ హి టేక్ రెస్ట్" చూడగానే టేక్స్ అనాలి కదా అని చేయి లాగుతుంది. సజెస్ట్, డిమాండ్, రికమెండ్ తర్వాత దట్ వస్తే అక్కడ టేక్ అనేదే ఒప్పు. "ఐ విష్ ఐ వర్" కూడా అలాంటిదే. "టెన్ థౌజండ్ రుపీస్ ఈజ్ ఎ బిగ్ అమౌంట్"లో ఈజ్ ఒప్పు, ఎందుకంటే అది ఒక మొత్తం. ఎస్సెస్సీ డిగ్రీవాళ్ళకి పెట్టే సీజీఎల్ పరీక్ష మొదటి దశ, టైర్-1లో 100 ప్రశ్నలకి 60 నిమిషాలు, అందులో ఇంగ్లిష్‌వి 25, తప్పుకి 0.50 కోత. టైర్-2 ఇంగ్లిష్‌లో అయితే ప్రశ్నకి 3 మార్కులు, తప్పుకి 1 పోతుంది. లేని తప్పు పట్టుకుంటే రెండు విధాలా నష్టం.

అందుకని నేను వాడే పద్ధతి ఇది. ఒక రూల్ మొదలుపెట్టినప్పుడు కర్త నొక్కే మోడ్‌లో చేయాలి. రిపోర్టులో కర్త తప్పులు ఆగిపోయాక ఆ మోడ్ తీసేసి, మధ్య తోకని వేలితో కప్పి చదవాలి. అదీ కుదిరాక మిశ్రమ సెట్లే, టైమర్ పెట్టి. తప్పిన ప్రతి వాక్యాన్నీ నోటు పుస్తకంలో మూడు గళ్ళలో రాయాలి: అసలు కర్త, నేను అనుకున్న కర్త, మోసం చేసిన మాట. కొన్నాళ్ళకి మూడో గడి చూస్తే అవే మాటలు మళ్ళీ మళ్ళీ కనపడతాయి. మిశ్రమ సెట్లకి యాప్ సొంత ప్రశ్నల కంటే ఎస్సెస్సీ పాత పేపర్లే వాడండి, అదీ ఫైనల్ కీతో. మొదట ఇచ్చే కీ మీద అభ్యంతరాలు తీసుకున్నాకే ఫైనల్ కీ వస్తుంది. బయట దొరికే పీడీఎఫ్‌ల్లో ఏ కీ వేశారో చూసుకోవాలి. కలెక్టివ్ నౌన్లు (జ్యూరీ, టీమ్ లాంటి గుంపు పేర్లు), నన్ (ఏదీ/ఎవరూ కాదు అనే మాట) లాంటి వాటి మీద ఈ యాప్ కీని గుడ్డిగా నమ్మొద్దు. జ్యూరీ ఒకే మాట మీదుంటే వాజ్, తమలో తాము విడిపోతే వర్ అన్న తేడా కూడా వివరణల్లో ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు.

నెట్ లేకపోతే కర్త మోడ్ పనిచేయదు. ఆమదాలవలసలో రైలెక్కి విశాఖ వెళ్ళేలోపు సాధన చేసుకోవాలనుకునేవాళ్ళు, మెళియాపుట్టి వైపు సిగ్నల్ ఊగిసలాడే ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. మామూలు ప్రశ్నలు డౌన్‌లోడ్ అవుతాయి, అసలు మేలైనది మాత్రం అవదు.

నేను తెలుగు మీడియం, ఉంటున్నది శ్రీకాకుళంలో, రాస్తున్నది ఎస్సెస్సీ. ఈ మూడూ కలిసినవాళ్ళకి డబ్బు పెట్టి తీసుకోమనే చెప్తాను. బ్యాంకు పరీక్షలవాళ్ళ సంగతి అంత ధైర్యంగా చెప్పలేను. అక్కడ మొదటి దశ పరీక్షల్లో చాలావాటిలో ఇంగ్లిష్‌కి 20 నిమిషాల్లో 30 ప్రశ్నలు, క్లోజ్ టెస్ట్ (పేరాలో ఖాళీలు నింపడం), రీడింగ్ ఎక్కువ, చదివే వేగమే ముఖ్యం. ఇంగ్లిష్ మీడియంలో చదివి కర్త వెంటనే కనపడేవాళ్ళకి నొక్కుతూ కూర్చోవడం విసుగు కావచ్చు, వాళ్ళకి పాత పేపర్లు చాలు. నా గడువు ఇంకా ఉంది. వన్ ఆఫ్ ప్రశ్నలన్నీ సరిచేశారో లేదో చూశాకే ఇంకో ఏడాదికి కడతాను.